చేత్తో చూడండి

రీలు పూర్తికాగానే బూ యంగ్నిమ్ కెమెరా వెనక తలుపు తెరిచి, చుట్టను బయటికి తీసి, కొసన వేలాడే కాగితపు పట్టీని నాలుకతో తడుపుతుంది. బిగించి చుట్టి, బొటనవేలితో అదిమి, ఊపిరి బిగబడుతుంది. జిగురు పట్టుకునేదాకా అలాగే ఉంటుంది. తర్వాతే వదులుతుంది, వేలినీ ఊపిరినీ.

స్టూడియో పెట్టినప్పటి నుంచీ అంతే. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఫోటో అయిపోయిందనుకుని లేవబోతారు. ఆమె ఊపిరి వదిలేదాకా అయిపోయినట్టు కాదు.

ఊపిరి పట్టడం తల్లి నేర్పింది. తల్లి సముద్రంలో మునిగి గుల్లలూ శంఖాలూ ఏరేది. జెజూ ద్వీపంలో ఆ ఊరి ఆడవాళ్ళందరిదీ అదే పని. యంగ్నిమ్ కూడా పదిహేనో ఏట మునిగింది. ఒకరోజు తల్లి వెళ్ళినంత లోతుకు వెళ్ళాలని చూసింది. కుడి చెవిలో ఏదో చిట్లింది. పైకి వచ్చేసరికి మెడ మీద నెత్తురు.

ఆ తర్వాత లోతుకు పోలేకపోయింది. మోకాళ్ళ నీళ్ళలో నాచు ఏరుకునేది. ఒడ్డుకు వస్తున్న పెద్దవాళ్ళు ఆమె పక్కనుంచి వెళుతూ, మాట్లాడకుండా, తలా ఒక గుల్ల ఆమె వలసంచిలో వేసేవాళ్ళు. అది అక్కడి ఆచారం. బలం లేనివాళ్ళ సంచీ ఖాళీగా ఇంటికి పోకూడదు. అందరికంటే పెద్ద గుల్ల వేసేది హ్యన్ తేవోల్. ఊళ్ళో అందరికంటే లోతుకు మునిగే మనిషి.

యంగ్నిమ్ ఆ సంచీ మోసుకుని ఇంటికి వచ్చేది. బరువుగానే ఉండేది. అందులో తాను ఏరింది ఏదో, పడింది ఏదో ఆమెకు తెలుసు. ఒకరిని అడగకుండా బతకాలని అప్పుడే అనుకుంది. అనుకున్నట్టే బతికింది.

రేవు పట్నంలో ఒక ఫోటోగ్రాఫరు దగ్గర పని నేర్చుకుంది. ఊరికి తిరిగివచ్చి స్టూడియో పెట్టుకుంది. పెళ్ళి చేసుకుంది. భర్త పోయాడు. పిల్లలు లేరు. ఇల్లు కురిస్తే తనే నిచ్చెన వేసుకుని ఎక్కింది. బస్సులో తన స్టాపు దాటిపోతే ఆపమనకుండా, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచి వచ్చింది. "యంగ్నిమ్ ఇల్లు అంటుకున్నా పక్కింట్లో నీళ్ళు అడగదు. కాలడం అయిపోయాక మసి తుడుచుకోవడానికి గుడ్డ కూడా అడగదు" అని ఊళ్ళో నవ్వుకుంటారు.

ఊళ్ళో పెళ్ళిళ్ళూ, బిడ్డల మొదటి పుట్టినరోజులూ ఆమే తీసింది. ఈమధ్య పెళ్ళిళ్ళు లేవు, బిడ్డలు లేరు. ముసలివాళ్ళ ఆయుష్షు ఫోటోలు మిగిలాయి. పోయాక పూల మధ్య పెట్టే బొమ్మ అది. ఒంట్లో బాగున్నప్పుడే తీయించి దాచుకుంటారు. తీయించుకుంటే ఆయుష్షు పెరుగుతుందంటారు. యంగ్నిమ్ తీసినవాళ్ళలో చాలామందికి పెరిగింది కూడా. కొందరు వచ్చి, ఫోటోలో మరీ చిన్నదానిలా ఉన్నాను, మళ్ళీ తియ్యమని పోట్లాడేవాళ్ళు.

ఫిల్ము మీదే తీసేది. కడగడం మాత్రం మానేసింది. మందునీళ్ళకు చేతులు పగిలి, చీము పట్టి, వైద్యుడు కేకలేశాక డార్క్ రూములో ఉల్లిపాయలు పోసింది. రీళ్ళన్నీ సోల్‌లో ప్యో అనే ముసలాయన కడిగిపెడతాడు. అక్కడిదాకా పంపడానికి విమానాన్ని ఆమె నమ్మదు. విమానాశ్రయంలో సంచీలను లోపలిదాకా చూసే యంత్రముంటుంది. దాని కిరణం తగిలితే కడగని ఫిల్ము మీద పొగ కమ్ముతుంది. అందుకని రీళ్ళు పడవలో వెళ్ళేవి. పడవ వంటవాడు మూన్ ఆ ఊరివాడే. అతని ఏప్రాను జేబులో, ఉల్లిపాయల వాసనతో సముద్రం దాటేవి. అవతలి ఒడ్డున బస్సు ఎక్కేవి.

తేవోల్ మాత్రం ఎన్నేళ్ళయినా ఫోటోకి కూర్చోలేదు. ఆ ద్వీపంలో పెద్దవాళ్ళను, ఆడయినా మగయినా, సామ్‌చున్ అనే పిలుస్తారు. అధిక మాసం వచ్చినప్పుడల్లా యంగ్నిమ్ ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడేది. చావుకు కావలసినవి, చివరి బట్టలయినా బొమ్మయినా, ఇంటికి తెచ్చుకోవాల్సింది ఆ నెలలోనే. అది లెక్కలో లేని నెల. ఆ నెలలో దేవతలు చూడరు.

"మళ్ళీ వచ్చావా? నన్ను తొందరగా సాగనంపాలనా?" అనేది తేవోల్.

"ఊరికే ఇటు వచ్చాను సామ్‌చున్."

"ఊరికే వచ్చినదానివి ఆ కెమెరా ఎందుకు మోసుకొచ్చావు? గాలికి ఎగిరిపోకుండానా?"

ఆ ఏడు వసంతంలో కోడలు హ్యేజిన్ ఏడ్చి మొత్తుకుంటే తేవోల్ మునగడం మానేసింది. సీసపు కడ్డీలు గుచ్చిన నడుము బెల్టు గోడ మేకుకు ఎక్కింది. ఆరో నెల రెండుసార్లు వచ్చిన వేసవి అది. అధిక నెల మొదట్లో తేవోలే కబురు పెట్టింది.

ఆ రోజు సన్నగా వాన. తేవోల్ స్టూడియోకి రానంది. ఇంటి చెక్క అరుగు మీద, చూరు కింద కూర్చుంది. వెలుతురు తక్కువ. యంగ్నిమ్ కొద్ది వెలుగుకే పలికే ఫిల్ము వేసింది. నుదుటి మీద అద్దాల ముసుగు ఏళ్ళ తరబడి ఒత్తిన గీత. పెదవులు నిటారుగా, ఒక కొస నుంచి ఇంకో కొసకు. ఎవరికీ లొంగని నోరు.

"ఇంకో రీలు వేస్తాను సామ్‌చున్, ఒక్క నిమిషం."

"వద్దు. సముద్రంలోనూ అంతే. ఉన్న ఊపిరికి చాలినంత. ఇంకొక్కటి అనుకున్నవాళ్ళు పైకి రాలేదు."

యంగ్నిమ్ పట్టీ తడిపి, చుట్టి, అదిమింది. మూన్ పడవ వచ్చేదాకా రీలును బియ్యపు డబ్బా పక్కన చల్లని చోట పెట్టింది.

రీలు మూన్ పడవ ఎక్కాల్సిన వారంలోనే తేవోల్‌కు పక్షవాతం తగిలింది. ఆ హడావిడిలో రీలు ఎక్కనేలేదు. ప్రాణం నిలిచింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి నోరు ఎడమవైపుకు లాగేసి ఉంది. కుడిచెయ్యి పట్టు తప్పింది. హ్యేజిన్ అద్దం తీసి బీరువా వెనక పెట్టింది. తేవోల్ అద్దం చూడలేదు గానీ, చెంచా వెనకవైపు మొహం చూసుకుంది.

యంగ్నిమ్ పలకరించడానికి వెళ్ళింది.

"నా మొహం ఎక్కడుంది?" అంది తేవోల్. మాటలు తడిసి ముద్దగా వచ్చాయి.

"నా దగ్గరే ఉంది సామ్‌చున్. రీలులో."

"రీలులో ఉంటే ఏం లాభం? నెల దాటిపోతే? మళ్ళీ అధిక నెల వచ్చేసరికి మూడేళ్ళు. ఎవరు చూడొచ్చారు?"

"ఫోన్లో బోలెడన్ని ఉన్నాయి కదత్తయ్యా" అంది హ్యేజిన్.

"అన్నిట్లో నేను నూడుల్స్ తింటున్నాను. పోయాక అందరూ వచ్చి, నేను నూడుల్స్ జుర్రుతుంటే చూసి మొక్కాలా?"

హ్యేజిన్ నవ్వబోయి ఆగిపోయింది. తేవోల్ నవ్వింది. నవ్వు ఒక పక్కే వచ్చింది.

అంతలో తుఫాను వచ్చింది. పోయింది కూడా. అలలు మాత్రం తగ్గలేదు. పడవలు రేవులో కట్టేసి ఉన్నాయి. వెనకనే ఇంకో తుఫాను తయారవుతోందని రేడియో చెప్పింది. "వారం దాకా కదలం అక్కా. రొయ్యలు కూడా కట్టేసుకుని కూర్చున్నాయి" అన్నాడు మూన్ ఫోనులో. విమానాలు మాత్రం ఎగురుతున్నాయి.

ఆమె ప్యోకి ఫోను చేసింది.

"రండి యజమానిగారూ" అన్నాడు ఆయన. తనకు తప్ప ఎవరికీ యజమాని కాని ఆమెను అలా పిలవడం ఆయనకు సరదా. "మామూలు ఫిల్మయితే నేనేమీ అనను. ఇది మరీ చురుకైనది. సంచిలో పెట్టి యంత్రంలోకి తోసెయ్యకండి. చేత్తో చూడమని అడగండి. అడిగితే చూస్తారు. ఒక్క మాట."

"సరే" అంది యంగ్నిమ్.

ఫోను పెట్టేశాక ఆ ఒక్క మాటను లోపల అని చూసుకుంది. వెనక వరసలో జనం. పెట్టెలు. విమానానికి టైము అయిపోతున్నవాళ్ళు. ఆమె ఒక్కదాని కోసం అందరూ ఆగాలి. ఊహలోనే నోరు పెగల్లేదు.

వెళ్ళేముందు తేవోల్‌కు చెప్పడానికి పోయింది. యంత్రం సంగతి చెప్పింది. అడగాల్సిన మాట సంగతి చెప్పలేదు.

"ఆ కిరణం దేనికీ ఆగదా?"

"సీసానికి ఆగుతుందంటారు."

తేవోల్ గోడవైపు చూసింది. "ఆ మేకుకున్నది తియ్యి."

"వద్దు సామ్‌చున్. అది మీ..."

"తియ్యవే. యాభై ఏళ్ళు నన్ను అడుక్కి లాగింది. ఒక్క పూట నన్ను కాపాడితే దాని సొమ్మేం పోయింది?"

ఇచ్చినా పుచ్చుకోని యంగ్నిమ్ ఆ సీసం పుచ్చుకుంది. అదుంటే ఇంకెవరినీ అడగక్కరలేదు.

ఇంటి వెనక నల్లరాతి మీద పెట్టి, సుత్తికి గుడ్డ చుట్టి కొట్టింది. సీసం మెత్తన. వినయంగా పరుచుకుంది. రేకుగా సాగాక రీలు చుట్టూ మడిచి, అంచులు మూసి, పాత ఈతదుస్తుల రబ్బరుతో సంచీ కుట్టింది. అరచేతిలో పట్టేంత సంచీ. ఎత్తితే చెయ్యి కిందికి లాగింది. ఆమెకు ధైర్యం వచ్చింది.

విమానాశ్రయంలో వరస పొడుగ్గా ఉంది. సెలవులకు వచ్చినవాళ్ళు కమలాపండ్ల అట్టపెట్టెలతో తిరిగి పోతున్నారు. ముందు కెమెరా మెడలో వేసుకున్న ఒక కుర్రది చేతిలోని రీళ్ళు చూపించి ఏదో అంది. తనిఖీ చేసే అతను తలూపి వాటిని పక్కకు తీసుకున్నాడు. అంతే. వరస ఆగనైనా లేదు.

యంగ్నిమ్ అది చూసింది. ఇప్పుడు నేనూ అడగొచ్చు, అనుకుంది. తన వంతు వచ్చింది. నోరు తెరిచింది. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. రబ్బరు సంచీతో సహా బట్టల సంచీని యంత్రంలోకి లాక్కుపోయే పట్టా మీద పెట్టేసింది.

పట్టా కదిలింది. ఆగింది. తెర ముందు కూర్చున్న అమ్మాయి ముందుకు వంగింది. పట్టా వెనక్కి వచ్చింది. సంచీ మళ్ళీ లోపలికి పోయింది. యంగ్నిమ్ ఉన్న చోటికి తెర కనిపిస్తోంది. బట్టలు, కళ్ళజోడు, దువ్వెన అన్నీ పలచగా, నీళ్ళ అడుగున వస్తువుల్లా ఉన్నాయి. మధ్యలో ఒక నల్లటి ముద్ద. దానిలోకి చూపు పోవడం లేదు.

"ఇదేంటన్నా?" అంది అమ్మాయి.

"తిప్పి పెట్టు" అన్నాడు తనిఖీ చేసే అతను.

సంచీని పడుకోబెట్టి మళ్ళీ పంపారు. నిలబెట్టి మళ్ళీ పంపారు. లోపలికి పోయిన ప్రతిసారీ యంగ్నిమ్ ఊపిరి బిగబట్టింది. అప్పుడు తెలిసింది. కనిపించనిదాన్ని ఎవరూ వదిలిపెట్టరు. సీసం చూపును ఆపుతోంది, అందుకే చూపు మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఒక్క మాట చాలు, ఫిల్ము, అని.

చివరికి ఆ అన్న అనేవాడు సంచీ పట్టుకుని వచ్చాడు. "అమ్మా, తెరవనా?"

తలూపింది. అతను రబ్బరు సంచీ తెరిచి, సీసం విప్పి, లోపలి చుట్టను చూసి, ఆమెను చూశాడు. సీసపు రేకును చేత్తో బరువు చూశాడు.

"ఇది నీళ్ళలో మునిగేవాళ్ళది కదూ? మా అవ్వ దగ్గర ఉండేది." గుడ్డతో చుట్టను తుడిచి, ఆ గుడ్డను మందుగుండు పసిగట్టే చిన్న యంత్రానికి చూపించి, చుట్టను తిరిగి ఇచ్చాడు. "ముందే ఒక్క మాట చెప్పి ఉంటే చేత్తో చూసేవాళ్ళం కదమ్మా. దీన్నలా దాచారు కాబట్టే అన్నిసార్లు..." మాట పూర్తిచెయ్యలేదు. "వెళ్ళిరండి. బూట్లు మరిచిపోకండి."

విమానంలో చుట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కింద సముద్రం తెల్లగా నురగలు కక్కుతోంది. మూన్ పడవ రేవులోనే ఉండి ఉంటుంది.

సోల్‌లో ప్యో రీలు కడిగి, నెగెటివ్‌ను దీపానికి పట్టి చాలాసేపు చూశాడు. ఆమె ఆయన మొహం చూసింది.

"అడిగారా?"

"లేదు."

"ఊ." మళ్ళీ చూశాడు. "ఒక్కటీ పోలేదు. ఒక్కటీ పూర్తిగా దక్కలేదు. అంతటా పలచగా పొగ. నలుపు నలుపులా రాదు."

"సీసంలో పెట్టాను."

"సీసంలోనా? యజమానిగారూ, ఇంటికి తాళం వేసి, పక్కన డప్పు వాయించినట్టుంది." నవ్వాడు గానీ, ఆమె నవ్వకపోవడం చూసి మానేశాడు. "నలుపును కాస్త గట్టిగా పట్టే కాగితం మీద దించుదాం. గుడ్డికంటే మెల్ల మేలు."

ఇద్దరూ కలిసి ప్రింటు తీశారు. ప్యో తన చేతి తొడుగులు ఆమెకిచ్చాడు. పళ్ళెంలోని నీళ్ళలో తేవోల్ మెల్లగా పైకి వచ్చింది. నుదుటి గీత వచ్చింది. తిన్నని నోరు వచ్చింది. వెనకనున్న చీకటి తలుపు మాత్రం చీకటిగా రాలేదు. తెల్లవారుజామున సముద్రం మీద ఉండే బూడిదరంగు ముఖం చుట్టూ నిలిచిపోయింది.

యంగ్నిమ్ మరునాడే తిరిగివచ్చింది. నెల ఇంకా మిగిలే ఉంది. చట్రం కట్టించి, గుడ్డ చుట్టి, నేరుగా తేవోల్ ఇంటికి వెళ్ళింది. హ్యేజిన్ అత్తగారిని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, ఫోటోను ఎదురుగా పట్టుకుంది.

తేవోల్ చూసింది. ఎడమచేత్తో తన నోటిని ముట్టుకుంది. తర్వాత ఫోటోలోని నోటిని ముట్టుకుంది.

"నేనే" అంది. "ఈ మంచెక్కడిది? ఆ రోజు వాన పడింది, మంచు లేదే."

యంగ్నిమ్ గచ్చు వైపు చూసింది. "యంత్రం వల్ల. అన్నిసార్లు తిప్పారు."

"సీసం పనిచెయ్యలేదా?"

"సీసం వల్లే తిప్పారు. చేత్తో చూడమంటే చూసేవాళ్ళు. అడగలేదు."

"ఎందుకడగలేదు?"

హ్యేజిన్ ఫోటోను కొంచెం దించింది.

"చెవి ఒక్కటే పోయిందనుకున్నాం ఇన్నాళ్ళూ. నోరు కూడా పోయిందా?" అంది తేవోల్. తడిసిన మాటలే అయినా ఒక్కటీ తప్పిపోలేదు. "నోరు వంకరపోయిన నేనే అన్నీ అడుగుతున్నాను. నీళ్ళు అడుగుతున్నాను. ఒంటికి పోవాలంటే ఇదిగో ఈ పిల్లను అడుగుతున్నాను. నీ నోటికేం రోగం?"

"మీరు వేసేవాళ్ళు కదా, నా సంచిలో" అంది యంగ్నిమ్. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. "పెద్దపెద్దవి. నేను అడగకుండానే."

తేవోల్ ఆమెను విచిత్రంగా చూసింది. "దానికా? మరి నాకెవరు వేశారనుకున్నావు? మునగడం వచ్చి పుట్టానా? చిన్నప్పుడు నా సంచీలో మీ అవ్వ వేసింది. నేను నీ సంచీలో వేశాను. మీ అవ్వ బాకీ మీ ఇంటికే తిరిగి వచ్చింది. అది కూడా తెలియక ఇన్నేళ్ళు మూతి ముడుచుకున్నావా?"

హ్యేజిన్ ఫోటోను గోడకు ఆనించి, టీ తెస్తానని లేచింది. యంగ్నిమ్ అవ్వ నీళ్ళలోనే పోయింది, మనవరాలు పుట్టకముందే. ఆమె గుల్లలు ఎవరి సంచీలో పడ్డాయో ఎవరూ చెప్పలేదు. యంగ్నిమ్ అడగలేదు.

"కెమెరా ఉందా?" అంది తేవోల్.

"ఉంది."

"ఇదీ తియ్యి. ఈ మొహం. మంచులో ఉన్నదాన్ని బీరువాలో పెడదాం. దీన్నీ పక్కన పెడదాం. నాకిప్పుడు మొహాలు రెండు. ఏది పెట్టుకుని ఏడవాలో వాళ్ళు తేల్చుకుంటారు."

"అత్తయ్యా!" అంది వంటింట్లోంచి హ్యేజిన్.

"నువ్వు టీ చూసుకో. పొంగుతోంది."

యంగ్నిమ్ ఆమెను మళ్ళీ అరుగు మీద కూర్చోబెట్టింది. ఎండ ఉంది. అయినా చూరు కింద నీడే కావాలంది తేవోల్, మొదటి ఫోటోలాగే. అదే ఫిల్ము వేసింది. వంగిన నోరు, ఒరిగిన భుజం, మారని నుదుటి గీత. ఈసారి తేవోల్ ఏమీ దాచలేదు. రీలు అయిపోయింది. యంగ్నిమ్ పట్టీ తడిపింది, చుట్టింది, అదిమింది.

"నెల ఎల్లుండితో సరి" అంది హ్యేజిన్.

"తెలుసు" అంది యంగ్నిమ్.

లేచేటప్పుడు తేవోల్ చెయ్యి చాపింది. "నా సీసం నాకిచ్చి పో. గాలికి వాకిలి తలుపు కొట్టుకుంటోంది. దానికి బరువు పెట్టాలి."

యంగ్నిమ్ సంచీ విప్పి, సాగిన సీసపు రేకును నాలుగు మడతలు పెట్టి, తలుపు కింద పెట్టింది. తలుపు ఆగింది.

మరునాడు పొద్దున్నే ఆమె విమానాశ్రయానికి వెళ్ళింది. వరస క్రితంసారి కంటే పొడుగ్గా ఉంది. చుట్టను లోపలిది కనిపించే ప్లాస్టిక్ సంచీలో వేసి చేతిలో పట్టుకుంది. తన వంతు రాగానే బట్టల సంచీని పట్టా మీద పెట్టింది, చేతిలోది పెట్టలేదు. తెలియని ఒక అమ్మాయి నిలబడి ఉంది అక్కడ. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. యంగ్నిమ్ ఊపిరి వదిలింది.

"ఇది ఫిల్ము" అంది, చెయ్యి ముందుకు చాపి. "చేత్తో చూడండి."